ఎడమకు లాగే బండి

1943. ధర్మపురి నుంచి సేలానికి పోయే రోడ్డు మీద, పైకప్పు కోయించి లారీ ఇంజను బిగించిన ఒక పాత మోటారు. అందులో ఇద్దరే: దాని యజమాని గోవిందరాజప్ప, దాన్ని నడిపే శివప్ప.

"మళ్లీ లాగింది చూస్తివా, శివప్పా? మళ్లీ ఎడమకే."

"లాగింది సామీ. లాగకుండా ఉంటే మనకు సేలంలో పనేముంది?"

"ఆ మైలురాయికి జానెడు దూరంలో పోయినావు."

"నేను పోలే సామీ. బండి పోయింది."

"బండికి రాయి మీద పగేముంది?"

"దిష్టి సామీ. మా ఇంటిది సాకమ్మ చెప్తానే ఉండాది. నాలుగు చక్రాల కిందా నిమ్మకాయలు పెట్టి తొక్కించినాము గదా."

"తొక్కిస్తిరి. నిమ్మకాయలు నలిగినాయి, బండి లాగడం మానలేదు. అదీ ఒక పరీక్షే. ఫలితం తెలిసిపోయింది."

"నలిగినవి మూడే సామీ. ఎడమ ముందు చక్రం కింద పెట్టింది పక్కకు జారిపోయింది. అదే కొరత."

"కొరత నిమ్మకాయలో లేదు. పాపారపట్టి వడ్రంగి ఆసారి చేతికి బండి ఇచ్చినాము చూడు, అక్కడ ఉంది."

"ఆయనేం చేస్తాడు సామీ? పుట్టినప్పటినించి ఎద్దులబండ్లు చేసేవాడు. ముందు చక్రాలు రెండూ లోపలికి ఓరగా చూస్తా ఉంటే, ఇరుసు వంగిందనుకొని సుత్తితో కొట్టి నేరుగా నిలబెట్టేసినాడు. మంచికే చేసినాడు."

"మోటారుకు అవి కొంచెం లోపలికి చూడాల. పరుగెత్తే కొద్దీ అవే విచ్చుకొని సరిపోతాయి. ఎద్దులబండి లెక్క దీనికి పెడితే ఏమయింది?"

"పోయి ఊళ్లో కుప్పన్ మేకల కొట్టంలో దూరినాము."

"దూరింది బండి గదా? నీవు కాదు గదా?"

"ఆ దినం మట్టుకు ఇద్దరమూ దూరినాము సామీ."

"ఆ వంకర హోసూరు షాపువాడు దిద్దినాడు. దిద్దినాక ఏమన్నాడు?"

"హోసూరువాడికి ఏం తెలుసు సామీ..."

"ఏమన్నాడు?"

"సరిగా ఉందన్నాడు."

"కృష్ణగిరిలో?"

"వాడూ సరిగా ఉందన్నాడు. అవన్నీ చిన్న షాపులు సామీ. సేలంలో పటాలం లారీలకు ముందు చక్రాలు దిద్దే షాపు ఉండాదంట. పని తెలిసినవాళ్లు. అదొక్కటి చూస్తాము."

"నాకు వచ్చే పెట్రోలు రేషనంతా నీ షాపుల చుట్టూ తిరిగేదానికే అయిపోయింది. సేలంలోనూ కుదరకుంటే బండి అమ్మేస్తాను. ముందే చెప్పినాను."

"అమ్మితే నేనేం చేసేది సామీ?"

"నీకేం? యుద్ధకాలం. డ్రైవర్లు దొరక్క అందరూ అల్లాడుతా ఉండారు. ఇంకొక మోటారు ఎక్కు."

"నాకు దొరకదు సామీ."

"ఏంటికి దొరకదు?"

"దొరకదు. అంతే. మీరు అమ్మొద్దు."

"సరే. ఇక్కడ రోడ్డు నేరుగా, మట్టంగా ఉంది. చేతులు తీసెయ్యి."

"ఏంది సామీ?"

"స్టీరింగు మీదినించి చేతులు తీసెయ్యి. వేగం తగ్గించు. అవసరమైతే నేను పట్టుకుంటాను."

"చేన్లో పడతాము సామీ!"

"పడితే బండి తప్పని తేలుతుంది. నీకు మంచిదే గదా?"

"వద్దు సామీ. దోవలో ఇట్లాంటి ఆటలు వద్దు."

"తియ్యమంటిని."

"తీసినాను... తీసినాను సామీ."

"ఏ పక్కకు పోతా ఉంది?"

"ఎదురు గాలి ఉండాది సామీ, అందుకని..."

"ఏ పక్కకు పోతా ఉంది, శివప్పా?"

"ఏ పక్కకూ పోలేదు."

"దారం పట్టినట్టు పోతా ఉంది. బండిలో లోపం లేదు. నీవు పట్టుకుంటేనే లాగుతా ఉంది."

"పట్టుకుంటా ఉండాను సామీ. తొప్పూరు కనమ వచ్చేసింది. ఇంగ దిగుడు."

"నిలుపు."

"నిలిపేదెట్ల సామీ? వెనక పటాలం లారీలు వరసగా వస్తా ఉండాయి. వినబడలేదా హారను?"

"వెనక్కి తిప్పు."

"తిప్పేదానికి చోటెక్కడ?"

"అయితే చెప్పు. ఎదురుగా లారీ వస్తే ఎడమకు జరుగుతావు. రాకున్నా జరుగుతావు. ఎందుకు?"

"అలవాటు సామీ."

"అలవాటుకూ ఒక కారణం ఉంటుంది."

"కుడిపక్క వచ్చేది నాకు బాగా తెలుస్తుంది సామీ. ఎక్కడ తగులుతుందోనని జరుగుతాను."

"మరి ఎడమపక్క?"

"మాట్లాడించొద్దు సామీ. మలుపు."

"ఎడమపక్క ఏముందో చూసినావా?"

"గోడ ఉంటుంది గదా సామీ, ఈ కనమకు..."

"గోడ అయిపోయింది! శివప్పా, గోడ లేదు! అవతల లోయ!"

"అరవద్దు సామీ. ఎంత దూరంలో ఉందో నిదానంగా చెప్పుకుంటా రండి. ఆ పక్క కన్ను నాకు పోయిన ఆడి నెలనించే లేదు."