లిఫ్టులో ఇరుక్కున్న చావు

దర్జీ దుకాణంలోకి టీలు వచ్చేసరికి బావ అప్పటికే ఐదో అంతస్తులో ఉన్నాడు. మాటల్లోనే లెండి. మనిషి మాత్రం దర్జీ ఎదుట స్టూలు మీదే కూర్చున్నాడు. లిఫ్టు మెకానిక్‌గా రిటైరైన ఈ బావ ప్యాంటే ఇప్పుడు దర్జీ ఒళ్లో ఉంది. నడుం బిగించమని తేవడం రెండు నెలల్లో ఇది మూడోసారి. "ఎలాగైనా ఆస్పత్రికి తీసుకెళ్లరా, నా మాట వినడం లేదు" అని పొద్దున అక్క ఫోన్లో ఏడ్చింది. అప్పట్నుంచీ దర్జీకి పనిమీద మనసు లేదు.

"ఐదంతస్తులూ ఇప్పటికీ మెట్లమీదే ఎక్కుతాను, ఆయాసమన్న మాటే లేదు," అంటున్నాడు బావ. "నిన్న సర్వే అమ్మాయొచ్చింది, ఎవరు ఎన్నేళ్లు బతకాలనుకుంటున్నారో రాసుకుంటోంది. నూటయాభై వేసుకోమ్మా అన్నాను. కాగితంలో రెండంకెలకే గడులున్నాయట. మూడో గడి అచ్చు వేయించడానికి ఆఫీసుకి పరిగెత్తింది పాపం."

"మళ్లీ వచ్చిందా?" అన్నాడు ఇస్త్రీ అతను.

"డాక్టర్ని వెంటబెట్టుకుని మరీ వచ్చింది. ఆయన నా బీపీ చూసి, మిషన్ పాడైందేమోనని తన చేతికి కట్టుకుని చూసుకున్నాడు. చూసుకుని మా సోఫాలోనే పడిపోయాడు. నేనే మంచినీళ్లు తాగించి పంపాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? నా సంగతి పైదాకా పాకింది. సాయంత్రానికి చావే స్వయంగా దిగింది, చంకలో ఫైలు పెట్టుకుని. మెట్లెక్కలేక లిఫ్టెక్కింది. ఇంకేముంది, మూడుకీ నాలుగుకీ మధ్య ఆపేశాను. గంటసేపు బతిమాలింది. యాభై ఏళ్లు అదనంగా ఇస్తానని సంతకం పెట్టి, కాగితం తలుపు సందులోంచి జారవిడిచాకే వదిలాను."

"ఏదీ ఆ కాగితం?" అన్నాడు పక్కింటి మాస్టారు.

"ఇదిగో, ఈ ప్యాంటు జేబులోనే పెట్టాను."

దర్జీ ప్యాంటు తిరగేశాడు. "జేబులో ఏమీ లేదు బావా. ఇవి మాత్రం ఉన్నాయి." నడుం వెనక రెండు పాత కుట్లు, వాటి లోపలగా ఇవాళ్టి సుద్ద గీత. "ఇంకాస్త బిగిస్తే వెనక జేబులు రెండూ ఒకటైపోతాయి. రేపు దుకాణం తియ్యను. పొద్దున్నే ఆస్పత్రికి పోదాం."

బావ ఆ కుట్లని వేలితో తడుముతూ ఉండిపోయాడు. ఆ ముఖంలో భయం చూడటం దర్జీకి అదే మొదలు. టీ చల్లారిపోయింది.

"డాక్టరు కూర్చునేది ఎన్నో అంతస్తులోరా?"

"రెండో అంతస్తు."

"లిఫ్టు ఉందా?"