గాలికేసిన కాపుచేప

అప్పాయమ్మని ఉండేదండి మా రేవులో. మొగుడు సూరయ్య, పాపం నోట్లో నాలుక లేని మనిషి. ఇద్దరూ ఊళ్లోవాళ్ల పడవల మీద కూలికెళ్లి, కడుపు కట్టుకుని, ఆఖరికి సొంత పడవ కట్టించుకున్నారంట. దానికి పసుపు రాసి, ముక్కుకి కొత్త రవికగుడ్డ కట్టి, మా పిల్ల, మా పిల్ల అని రేవంతా చూపించుకుందంట అప్పాయమ్మ. ఇప్పుడు మా రేవు పద్ధతి చెప్పాలి మీకు. వేటకెళ్లొచ్చిన పడవ ఏదైనా సరే, రేవుకాపు గంగులు చేతికే తాడివ్వాలి. ఆయనే గుంజకి కడతాడు, ఆయనే కాపలా కాస్తాడు. అందుకని పడవకో చేప ఆయన గంపలో వెయ్యాలి. కాపుచేప అంటారు దాన్ని. మంచి చేపే వెయ్యాలి మళ్లీ, చిన్నాచితకా పరిగెలు వేస్తే ఊరుకోడు గంగులు.

ఏమైందంటే, ఒక మధ్యాన్నం పెద్దగాలి లేచింది. గంగులేమో పీకల్దాకా చేపలపులుసు తిని ఇంట్లో గుర్రు పెడుతున్నాడంట. బుల్లెయ్యని పెద్ద పడవ ఆసామి ఒకాయన. ఆయన పడవ తాడు తెంపుకుని, గిర్రున తిరిగొచ్చి, అప్పాయమ్మ పడవని ఒక్క గుద్దు గుద్దింది. అంతే, పక్క చెక్కలు ఫెళ్లుమన్నాయి. రేపో మాపో పులసలొచ్చే రోజులు. పడవ లేకపోతే మళ్లీ కూలికే. అప్పాయమ్మ ఏడిసిందండి, నిజంగా ఏడిసింది. ఏడిసి, కొంగుతో ముక్కు తుడుచుకుని బుల్లెయ్య దగ్గరికెళ్లిందంట. ఆయనేమో నాదేముందమ్మా, తాడు గంగులు చేతికిచ్చాను, కాపుచేపా ఇచ్చాను, ఆయన్నే అడుగు అన్నాడంట. గంగులు దగ్గరికెళ్తే, కట్టు నాదే గానీ తాడు బుల్లెయ్యది మరదలా, పుచ్చిపోయిన తాడిస్తే నేనేం చేసేది అన్నాడంట. మళ్లీ ఈయన, మళ్లీ ఆయన. కాళ్లరిగిపోయాయనుకోండి. ఆఖరికి ఇద్దర్నీ ఒకచోట నిలబెడితే, ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకుని ఏకమైపోయారు! మాదేం లేదు, ఇది గాలి చేసిన పని, పోయి గాలినడుగు అన్నారంట. చూశారా ఎంత తెలివో. నాకైతే ఇప్పటికీ ఒళ్లు మండుద్ది.

అప్పాయమ్మ సరేనని ఇంటికెళ్లిపోయింది. తెల్లారి పడవలొచ్చే వేళకి రేవులో దిగి నిలబడింది. మొదటి పడవతను కాపుచేప తీశాడు, గంగులు గంప చాపాడు. ఆగు తమ్ముడూ అందంట. "మన పడవల మంచీ చెడ్డా చూసేది గంగులు బావ కాదంట, గాలంట. ఆయనే చెప్పాడు. కాపుచేప ఎవరికివ్వాలి మరి?" అని ఆ చేప లాక్కుని పైకి విసిరిందండి. గద్దొకటి వచ్చి గబుక్కున తన్నుకుపోయింది. ఇంకేముంది, రేవంతా గొల్లుమంది. రెండో పడవతను తనే విసిరాడు. ఆ వెనకాలాయనా విసిరాడు. "గాలిబావా, ఇదిగో నీ చేప!" అని ఆడా మగా కేకలు. గంగులు గంప పట్టుకుని అటు పరిగెత్తుతాడు, ఇటు పరిగెత్తుతాడు, చేప మాత్రం గద్దకే. రోజూ ఇదే తిరణాల. గద్దలు బలిశాయి, గంగులు చిక్కాడు. బుల్లెయ్య గట్టు మీద కడుపు పట్టుకుని నవ్వుతుంటే అప్పాయమ్మ, "నవ్వు మావా, రేపు నీ పడవ కూడా గాలే కట్టుద్దేమో" అందంట. నవ్వాగిపోయింది ఆయనకి. నిజమే కదండీ, చేప అందని గంగులు అప్పటికే తాళ్లు ముట్టుకోవడం మానేశాడు.

గంగులు పెళ్లాం వీరమ్మకి చేపలపులుసు లేకపోతే ముద్ద దిగదు. కొన్నాళ్లు గోంగూర తింది, కొన్నాళ్లు తిట్టింది, ఆ తర్వాత మొగుణ్ణి రెక్క పట్టుకుని అప్పాయమ్మ ఇంటికి లాక్కొచ్చేసింది. "మరదలా, కట్టు నాది, కాపలా నాది, నిద్ర కూడా నాదే" అని ఒప్పుకున్నాడంట గంగులు. వెనకాలే బుల్లెయ్య, తాడు నాదే, పుచ్చిందనీ నాకు తెలుసు అని గొణుక్కుంటూ వచ్చాడు. చెక్కలు బుల్లెయ్యవి, చాకిరీ గంగులుది. పులసలు రాకముందే పడవ నీళ్లలో దిగింది. ఆ రోజు సూరయ్య ఉన్నాడే, ఆయన ఈలేసి చిందేశాడంట!

అప్పుడు గంగులు బుర్ర గోక్కుని అడిగాడంట. "సరే మరదలా, నేను మెలకువగా ఉండి, తాడు కొత్తదై, అయినా తుఫాను గాలికి పడవ పగిలితేనో?" అప్పాయమ్మ ఆలోచించి, అప్పుడు నిజంగానే గాలిది బావా అందంట. అంచేత కాపుచేప నీకు, ఇంకో చేప గాలికి. కాకపోతే ఈసారి గద్దలకెయ్యం, ఎండబెట్టి వేరే గంపలో దాచుదాం, ఎవరి పడవకి గాలిదెబ్బ తగిలితే అవమ్మి బాగు చేయిద్దాం అంది. రేవంతా సరేనంది. ఆ గంప నా చేతికివ్వండి అన్నాడంట గంగులు. ఒక్కళ్లు ఒప్పుకుంటే ఒట్టు. వీరమ్మ చేతికిచ్చారు, ఆవిడకి ఎండుచేప గిట్టదు లెండి.

ఆ వీరమ్మ మా నాయనమ్మేనండి. గాలిగంప ఇప్పుడు నా దగ్గరే ఉంది. మొన్న పెద్దగాలికి మా పడవే పగిలింది. గంప మీద చెయ్యేశానో లేదో, ముందు నీ తాడు పట్టుకురా, పుచ్చిందో లేదో చూడాలి అన్నారు రేవులోవాళ్లు. నా ఇల్లు, నా గంప, నన్నే! తెచ్చాను. అటు కొందరూ ఇటు కొందరూ నిలబడి పొద్దంతా లాగారు. తాడు తెగలేదు గానీ లాగినోళ్లకి నడుములు పట్టేశాయి. పడవ బాగైంది, కాదనను. ఆ నడుములకి రాసిన నూనె మాత్రం మా ఇంట్లోది, దానికి ఏ గంపలోంచీ ఏమీ రాలేదండి!