ఎత్తలేదేమయ్యా

అట్ల సూడబాక కుప్పమ్మా! పటంలో ఉండేదానివి పటంలోనే ఉండు. కూతుర్ని అత్తగారింటికి పంపించి ఇప్పుడే వచ్చి కూసున్నాను. ఇంట్లో మనిద్దరమే ఉండేది. అడగాల్సింది ఇప్పుడు అడుగు. నీ చెల్లెలు నాగవేణి నోటితో, అంతమంది ముందర, ఎందుకు అడిగినావు?

మాట్లాడవా? కాపరం చేసినన్ని దినాలూ ఈ మౌనం యాడ దాచిపెట్టినావో తల్లీ!

నీకు తెలీనిదేముండాది. ముప్పై ఏండ్లుగా ఈ పంబ డోలు కొడతా ఉండాను. నగరిలో ఎవురింట్లో పెండ్లయినా, ముందు ఆ ఇంట్లో పసుపు కుంకాలతో పోయిన ఆడమనిషిని పిలవల్ల. పిలవల్లంటే ఈ ఏకాంబరమే కావల్ల. పూలు చుట్టిన చెంబు, అదే కరగం, మధ్యలో పెట్టి, ఆమెను పేరు పెట్టి పాడి, నేను దరువు మారిస్తే ఎవురో ఒకరి మీద ఆమె వస్తాది. ‘సల్లంగా ఉండండి’ అంటాది. అప్పుడే ఆ ఇంటోళ్ళకు ధైర్యం.

నాకేం నమ్మకముండేది? నీతోనే చెప్పేవాణ్ణి కదా! ‘ఎవురి భుజం అదరతా ఉండాదో సూసుకుంటాను మే. ఆమె పక్కకు తిరిగి కొడతాను. మిగతాదంతా ఆమె దుఃఖమే చేసుకుంటాది’ అని. నువ్వు లెంపలేసుకునేదానివి. ‘కళ్ళు పోతాయయ్యా’ అని తిట్టేదానివి.

మూడేండ్ల కింద నువ్వు గుండె పట్టేసి పోతే ఊరు ఊరంతా ఏమనింది? ‘పుణ్యాత్మురాలు, మొగుడు ఉండంగానే పోయింది, పేరంటాలయింది’ అనింది. మన లోకేశ్వరి దాన్నే పట్టుకునింది. ‘నాయనా, అమ్మను నువ్వే పిలవల్ల. అమ్మ వచ్చి సరే అంటేనే నేను పీటల మీద కూసునేది’ అనింది. డిగ్రీ చదివిన పిల్ల మే!

నేనేం చేసేది? నువ్వు రాకపోతే దాని ప్రాణం ఉసూరుమంటాది. అందుకే నాగవేణితో ముందే మాట్లాడుకున్నాను. ‘దరువు మార్చి నీ పక్క సూస్తాను. ఊగు. సల్లంగా ఉండండి అను. ఇంకో మాట వద్దు’ అని. అవును, నీ పేరుతో నాటకమే! తిట్టుకో.

పిల్ల తడిబట్టలతో కరగం ముందర కూసునింది. నీ పేరు పెట్టి పాడినాను. కొట్టినాను. నాగవేణి ఊగింది, కొప్పు ఊడింది. పర్వాలేదే, బాగానే చేస్తా ఉండాదే అనుకున్నాను. ‘సల్లంగా ఉండండి’ అనింది. ఆడికి నిలిపేయల్ల కదా? నిలపలేదు. నా వైపు తిరిగి, ‘ఎంతసేపయ్యా? ఎత్తలేదేమయ్యా?’ అనింది.

నీ గొంతా అంటే కాదు, దాని గొంతే. కానీ ఆ ‘అయ్యా’ నీది. అది నన్ను బావా అని తప్ప ఎప్పుడు పిలిచింది?

జనం ఏమనుకున్నారో తెలుసునా? కరగం ఇంకా కిందనే ఉండాది, తలకెత్తలేదని పేరంటాలుకు కోపం వచ్చిందంట! ఆడోళ్ళు గబగబా దాన్నెత్తి పిల్ల తలమీద పెట్టినారు. ‘ఎత్తినాము తల్లీ, శాంతించు’ అని ఒకటే దండాలు. పిల్ల ఏడస్తానే నవ్వతా ఉండాది, మా అమ్మ వచ్చిందని. నా చేతిలో పంబ పుల్ల జారి కింద పడింది. ఏకాంబరానికి కూడా పూనకం వచ్చిందని నా మొగాన పసుపు నీళ్ళు కొట్టినారు.

మరుదినం నాగవేణిని పక్కకు పిలిచి అడిగినాను. ‘నువ్వు చెప్పమన్నది తప్ప నేనేమీ అనలేదే బావా’ అని నోరు తెరుచుకోని సూసింది.

అందుకే అడగతా ఉండాను. వచ్చినావా నువ్వు?

వచ్చింటే విను. నువ్వు పోయిన దినం పూతలపట్టులో పంబ మోతకు ఫోను వినపడలేదని అందరికీ చెప్పినాను. పిల్లకు చెప్పినాను. పాడె మీద నీ చెవిలో కూడా చెప్పినాను. అబద్ధం. జేబులో అదరతా ఉంటే తీసి సూసినాను. నీ పేరే. ఒకటో బటను వొత్తితే నాకొస్తాదని నేనే కదా నేర్పింది, నీకు అదొక్కటే తెలుసు. ఆడ ఒక ముసలామె భుజం అదరతా ఉండాది. ఇంకో నాలుగు దెబ్బలు కొడితే వచ్చేస్తాది. ఆ నిమిషంలో నాకు పెండ్లాం గుర్తులేదు, బిడ్డ గుర్తులేదు. చింతపండు తెమ్మనేదానికి చేసింటావులే అని ఫోను లోపల పెట్టేసినాను. మళ్ళా మోగింది. మళ్ళా మోగింది. ఎత్తింటే మన వీధి ఆటో ఢిల్లీబాబుకు చెప్పేవాణ్ణి, పది నిమిషాల్లో ఆస్పత్రి. వంటింట్లో ఒక్కదానివే ఎంతసేపు కూసున్నావో!

నేను ఎత్తకపోబట్టే నువ్వు దేవతవైనావు. ఈ మాట ఎవురితో చెప్పుకునేది?

నాగవేణి ఉత్తగా ఆ కరగం మాటే అనిందేమో. అని మర్చిపోయిందేమో. అట్లయితే నేను బతికిపోయినట్టే, నన్ను అడిగేవాళ్ళు ఎవురూ లేరు. అదే అనుకుందామని రెండు దినాలుగా సూస్తా ఉండాను. నా వల్ల కాలేదు. ఇన్నేండ్లు ఏ దేవుణ్ణీ నమ్మనోణ్ణి, ఈ పొద్దు నీకు మొక్కుతా ఉండాను. ఆ మాట నీదే అయ్యుండల్ల కుప్పమ్మా. నన్ను తిట్టేదానికైనా సరే, నువ్వు వచ్చుండల్ల.