ఆగమన్న ప్రతి నిమిషానికీ అడ్డుపడిన పెద్దక్క

1987 జూలై ఒకటవ తేదీన మా టెలిఫోను సంస్థలో ఆపరేటరుగా బాధ్యతలు స్వీకరించిన పెద్దక్క గారు (వారిని అసలు పేరుతో పిలిచే ధైర్యం మాలో ఎవరికీ లేదు) నేడు వ్యాపార నంబర్ల విభాగాధిపతిగా పదవీ విరమణ చేస్తున్నారు. ఈ సంచికకు నాలుగు ఆహ్లాదకరమైన మాటలు రాయమని సంపాదక వర్గం కోరింది. క్షమించాలి, నాకు ఒళ్ళు మండిపోతోంది.

వారి కుటుంబ సభ్యుల కోసం కొంత వివరణ అవసరం. వ్యాపార సంస్థలకు మేమిచ్చే నంబర్లకు ఊరి కోడ్ ఉండదు. ఎవరు ఎక్కడినుంచి చేసినా, ఆ కాల్‌ను ఎక్స్ఛేంజి సదరు సంస్థ కోరిన మామూలు లైనుకు మళ్ళిస్తుంది. ఉచిత నంబర్లకు ఖర్చంతా సంస్థదే, కొన్నింటికి మామూలు రేటే. వాటా నంబర్లకు మాత్రం ఫోను చేసినవారి నుండి నిమిషానికింతని అదనంగా వసూలు చేసి, అందులో భాగం ఆ సంస్థకే ముట్టజెబుతాము. అంటే "దయచేసి వేచి ఉండండి" అంటూ పాట వినిపించినంతసేపూ వారికి లాభమే! కష్టంలో ఫోను చేసినవాడికి అది గోరుచుట్టుపై రోకటిపోటు.

ఆపరేటరు నుండి సూపర్‌వైజరై, అనంతరం ఈ విభాగానికి వచ్చిన నాటి నుండి, ఏ నంబరునైనా ఖాయపరిచే ముందు స్వయంగా డయల్ చేసి, మనిషి గొంతు వినబడేదాకా నిరీక్షించడం వారి నియమం. ఒక ఆసుపత్రి వాటా నంబరు కోరినప్పుడు ఆ పరీక్షను మా మేనేజరు గారి సొంత ఫోనుతోనే జరిపించారు.

"ఎంతసేపమ్మా ఈ పాట? పెట్టేయనా?"

"అయ్యో, అప్పుడేనా! కడుపునొప్పితో ఉన్నవాడు పెట్టేయగలడా సార్? కూర్చోండి."

పాట మళ్ళీ మొదటికొచ్చేసరికి సార్ ముఖం కందగడ్డయింది. ఆసుపత్రికి ఉచిత నంబరే వెళ్ళింది.

అంతటి మనిషికి మనమిచ్చిన వీడ్కోలు ఏమిటి? ఈ నెలలోనే యాజమాన్యం మన పింఛనుదారుల సహాయ నంబరును వాటా నంబరుగా మార్చింది! జీవితమంతా ధారపోసినవారు పింఛను సంగతి అడిగితే ఆగమని, ఆగినందుకు వారి నుండే వసూలు చేస్తామన్నమాట. సిగ్గుండాలి. పెద్దక్క గారు అభ్యంతరం తెలిపితే, "రిటైరయ్యే మనిషికి మీకెందుకమ్మా ఈ గొడవ?" అన్నారట. రిటైరయ్యే మనిషికి కాక ఇంకెవరికయ్యా?

నిన్న సెలవు రోజున ఫోను చేస్తే వారి భర్తగారు వాపోయారు: "పొద్దున్నుంచీ ఆ పింఛను నంబరుకి చేసి స్పీకర్ పెట్టుకు కూర్చుందండీ. మా మనవరాలికి పాట నోటికొచ్చేసింది. ఇక పెట్టెయ్యవే అంటే నామీద కస్సుమంటోంది!"

పెద్దక్క గారూ, మీరు ఆయురారోగ్యాలతో నిండు నూరేళ్ళు వర్ధిల్లాలని మేమంతా మనసారా కోరుకుంటున్నాము. ఇది మాటవరసకు అంటున్నది కాదు. మనవాళ్ళు ఆ ఫోను ఎత్తేదాకా మీరు బతికుండాలి.