మూడూ నింపు, లేదా మూడూ వదులు

మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆఫీసు క్యాంటీన్లో ఒక మూల బల్ల. క్వార్టర్ల కోసం కంపెనీ పెట్టిన ఆన్‌లైన్ ఫారాన్ని తయారుచేసిన భర్త, అదే కంపెనీలో జీతాల లెక్కలు చూసే భార్య. పెళ్ళయి నెల దాటలేదు. ల్యాప్‌టాప్ ఆమె ముందుంది.

"కదలట్లేదండీ."

"చూసి నింపితే కదులుతుంది. ఫారం నింపడం కూడా చెయ్యి పట్టుకుని నేర్పించాలి ఈ జనానికి."

"జనం కాదు, నేను. మీ పెళ్ళాన్ని."

"ఫారం ముందు కూర్చున్నాక నువ్వూ జనమే. ఏమంటోంది?"

"జీవిత భాగస్వామి పేరు దగ్గర ఎర్ర గీత, ఫోన్ దగ్గర ఎర్ర గీత. రెండూ నింపాను, అయినా ఎర్రగానే ఉన్నాయి."

"మూడోది?"

"పెళ్ళి రిజిస్ట్రేషన్ నంబరు. అది మనకింకా రాలేదుగా. వచ్చే వారం రమ్మన్నారు."

"అందుకే. ఆ మూడు గడులూ ఒక గుంపు. నింపితే మూడూ నింపాలి, వదిలితే మూడూ వదలాలి. సగం సగం నింపే మహానుభావుల కోసమే ఆ ప్లగిన్ పెట్టాను. ఒక్కో గడినీ విడిగా చూడదు, గుంపు మొత్తాన్నీ కలిపి చూస్తుంది."

"మరి పెళ్ళయి, కాగితం ఇంకా రానివాళ్ళు?"

"అలాంటివాళ్ళు ఎంతమందుంటారు?"

"ఈ బల్ల దగ్గరే ఇద్దరున్నారు."

"నవ్వకు."

"నవ్వట్లేదు. సరే, నవ్వుతున్నాను. కానీ సాయంత్రం అయిదింటితో గడువు అయిపోతుంది. ఇవాళ తప్పితే ఇంకో ఏడాది మీ అక్కయ్యగారి హాల్లో, దండేనికి దుప్పటి కట్టుకుని కాపురం. అవతల మీ బావగారు వార్తలు పెడితే ఇవతల నేను నిద్ర నటించాలి."

"వస్తుందిలే."

"మనకంటూ ఒక తలుపుంటే, ఊరికే గడియ వేసి తీస్తూ కూర్చుంటాను. ఆ చప్పుడు వినడానికి... ఆ నంబరు దగ్గర సున్నాలు కొట్టనా?"

"కొట్టు, పట్టేస్తుంది. దొంగ నంబర్లు కొట్టే తెలివి అందరికీ ఉంటుంది."

"పట్టేసింది."

"చెప్పానా."

"మురిసిపోకండి. అది పట్టుకున్నది మన ఇంటిని. మీరు రాసిందేగా, రూలు కాస్త సడలించండి. పేరూ ఫోనూ ఉంటే చాలనండి."

"అయిదు నిమిషాల పని."

"మరి చెయ్యండి."

"చెయ్యను."

"ఎందుకని?"

"నిన్న స్టోర్స్ ఆయన వచ్చాడు. వాళ్ళావిడకి ఫోన్ లేదట, ఫారం ఒప్పుకోవట్లేదట. తప్పు ఫారంలో లేదు, నీ బుర్రలో ఉందని అందరి ముందూ చెప్పి పంపాను. డ్రైవర్లకీ అదే చెప్పాను. ఇవాళ నేనే మార్చానంటే..."

"వాళ్ళకీ పనవుతుంది. మంచిదేగా."

"నేను ఒప్పుకున్నట్టవుతుంది."

"ఏం ఒప్పుకున్నట్టు?"

"టీ చల్లారిపోతోంది, తాగు."

"ఏం ఒప్పుకున్నట్టండీ?"

"ఇంట్లో ఫోన్‌కి దిక్కులేని మనిషి చెప్తే నేను రూలు మార్చాలా?"

"ఆయనకేం సలహా ఇచ్చారు మరి?"

"మూడూ ఖాళీగా వదిలెయ్యమన్నాను. ఫారం వెళ్ళిపోయింది."

"ఆవిడ లేనట్టా?"

"ఫారంలోనే కదా. ఆవిడెక్కడికి పోతుంది? నువ్వూ అలాగే వదిలెయ్."

"నేనా?"

"నువ్వే. ముందు క్వార్టర్ రానీ, మిగతావి తర్వాత చూసుకుందాం. ఖాళీ గడి చూసి కూడా బెంగపడితే ఎలా?"

"బెంగ కాదండీ. ఆ గడిలో ఆ పేరు కొట్టడం ఇదే మొదటిసారి. ముచ్చటేసింది, అంతే."

"ముచ్చట్లకి క్వార్టర్లు ఇవ్వరు. తీసెయ్."

"నిజంగా తీసెయ్యమంటారా?"

"ఎన్నిసార్లు చెప్పాలి? పేరు తీసెయ్, ఫోన్ తీసెయ్, నొక్కు."

"తీసేశాను. నొక్కాను."

"వెళ్ళిందా?"

"వెళ్ళింది. పచ్చ టిక్కు కూడా వచ్చింది, ఎంత ముద్దుగా ఉందో."

"చూశావా. ఫారానికేం రోగం? రోగమంతా నింపేవాళ్ళకే."

"గది కూడా అప్పుడే ఇచ్చేసిందండీ. ఒక గది, ఒక మంచం, తూర్పు వైపు బాల్కనీ."

"ఒక గదేనా? పెళ్ళికానివాళ్ళ కింద వేసుంటుంది. పర్లేదు, సర్దుకుందాం. ఒకటే మంచమైతే ఇంకా మంచిదేగా."

"మీరెలా సర్దుకుంటారు? అది ఆడవాళ్ళ బ్లాకు. మగవాళ్ళని మెట్లు కూడా ఎక్కనివ్వరట."

"నా పేరు మీద ఆడవాళ్ళ బ్లాకు ఎలా ఇస్తుంది?"

"మీ పేరు మీద ఎందుకిస్తుందండీ? దరఖాస్తు పెట్టింది నేను. మీరు తీసెయ్యమన్నది మీ పేరే."