ట్రే మీంచి జారనిది

సెలవురోజు మధ్యాహ్నం. వంటింటి గచ్చు మీద తల్లి, ఆరేళ్ల కూతురు. ఇద్దరి మధ్యా ఒక స్టీలు ట్రే.

“అలా గబుక్కున ఎత్తేస్తే అన్నీ ఒకేసారి పడతాయే. మెల్లిగా. ఇంకా మెల్లిగా. ఏది ముందు జారుతుందో చూడు.”

“సబ్బు! అమ్మా, సబ్బే ముందు!”

“ఎందుకు జారింది?”

“తడిగా ఉంది కాబట్టి.”

“ఆఁ. తడిగా, నున్నగా ఉంటే రాపిడి తక్కువ. రాపిడంటే ఒకదాన్నొకటి పట్టుకుని కదలనివ్వకపోవడం. ఏదీ, అరచేతులు రుద్దు. గట్టిగా.”

“అబ్బో, వేడెక్కాయి!”

“అదీ రాపిడే. మరి సబ్బు రాసుకుని రుద్దితే?”

“సర్రున పోతాయి. అమ్మా, చెంచా పడింది, అగ్గిపెట్టె పడింది. రబ్బరు మాత్రం పడటంలేదు. మొండిది.”

“నీలాగ.”

“నాలాగ కాదు, నీలాగ. ‘మీ అమ్మ మొండిది’ అని నాన్న నాతో అంటాడు.”

“అంటాడు, అంటాడు. అలాంటివన్నీ నీ ముందే అనాలి. ట్రే ఇంకా ఎత్తు.”

“ఇదిగో, రబ్బరు కూడా పడిపోయింది. అస్సలు పడనిది ఉండదా?”

“ఎంత ఎత్తినా పడనిదా? ఉండదు. కానీ బాగా పట్టు ఉన్నవి ఉంటాయి. బండి ఆగేది వాటివల్లే. బ్రేకు తొక్కితే ఒక ముక్క చక్రాన్ని నొక్కి పట్టుకుంటుంది. మీ నాన్న షెడ్డులో మారుస్తూ ఉంటాడు చూడు, అవి. అరిగిపోతే పట్టు ఉండదు, బండి ఆగదు.”

“మావయ్య స్కూలు వ్యాన్‌లాగా?”

“...ఊఁ.”

“మావయ్య గోడకి గుద్దేశాడు కదా. కాలు విరిగింది కదా.”

“బ్రేకు ముక్కలు అరిగిపోయాయి, బండి వదిలి వెళ్లమని మీ నాన్న నెత్తీనోరూ కొట్టుకుని చెప్పాడు. వింటేగా! ట్రిప్పు ఉందని తీసుకెళ్లిపోయాడు. వ్యాన్‌లో పిల్లలు లేరు కాబట్టి సరిపోయింది. లైసెన్సు పోయింది, ఉద్యోగం పోయింది. సరేలే, ఆ గొడవ మనకెందుకు. ఇంకేమైనా తీసుకురా, పెట్టి చూద్దాం.”

“నా దగ్గర ఒకటుంది. నాన్న ఎవరికీ చూపించొద్దన్నాడు. నువ్వు ఎవరో కాదుగా?”

“నేనెవరో ఎందుకవుతానే? తీసుకురా పో.”

“ఇదిగో! చెప్పుల స్టాండు వెనక డబ్బాలో ఉన్నాయి. నాలుగు. నా బొమ్మకి మంచం చేశాను. చూడు, చూడు, ఎంత ఎత్తినా పడటంలేదు! ఇదే గెలిచింది!”

“ఇటియ్యి.”

“ఇంకా ఎత్తనీ అమ్మా—”

“ఇటియ్యమన్నానా! ఇవి బ్రేకు ముక్కలు. కొత్తవి. కొంచెం కూడా అరగలేదు. ఎక్కడివే ఇవి?”

“మావయ్య కొన్నాడు.”

“ఏ మావయ్య?”

“మావయ్యే! మనం సినిమాకెళ్లిన రోజు నేను స్కూలు నుంచి షెడ్డుకెళ్లానుగా, అప్పుడు తెచ్చాడు. ‘కొత్తవి తెచ్చాను బావా, వేసెయ్’ అని నాన్నకిచ్చి టీకి వెళ్లాడు. నాకు బిస్కెట్లు కొన్నాడు. నువ్వేమో నాన్నకి ఫోన్ చేశావు, చేశావు, చేశావు...”

“తర్వాత?”

“మావయ్య వచ్చాడు. ‘వేసేశాను బావా, తీసుకెళ్లు’ అన్నాడు నాన్న.”

“వెయ్యమంటే వేసేశానన్నాడా? సరిగ్గా గుర్తు తెచ్చుకుని చెప్పు తల్లీ.”

“అవునమ్మా. తిడతావా? డబ్బా చింపింది నేనే.”

“నిన్నెందుకు తిడతాను.”

“నాన్నొచ్చాడు! నాన్నా, నీ ముక్క గెలిచింది!”

“ఏం ముక్కే? ...అది ఎక్కడిది?”

“చిట్టీ, నువ్వు వీధిలోకెళ్లి ఆడుకో.”

“మరి ఆట?”

“అయిపోయింది. వెళ్లు.”

“ఏమిటలా చూస్తావు? షెడ్డు నిండా సవాలక్ష ముక్కలుంటాయి. పిల్ల ఏదో ఏరుకొచ్చి ఉంటుంది.”

“అన్నయ్య కొన్నవట.”

“ఎవరన్నారు?”

“మీ పక్కన కూర్చుని బిస్కెట్లు తిన్న మనిషి అంది.”

“ఆరేళ్ల పిల్ల మాట పట్టుకుని నన్ను—”

“వేశారా? వెయ్యలేదా?”

“ఆ రోజు ఫోన్ల మీద ఫోన్లు చేసింది నువ్వు కాదూ? టైమైపోతోంది, టైమైపోతోందని. చక్రాలు విప్పి కూర్చుంటే ఎప్పటికి తెమిలేను? మర్నాడు పిలిచి వేసేద్దామనుకున్నాను. ఒక్క పూటలో ఏమవుతుందిలే అని...”

“వెయ్యలేదని చెప్పలేకపోయారా? సినిమా మానేసేదాన్నిగా!”

“గొంతు తగ్గించు. పిల్ల గుమ్మంలోనే ఉంది.”

“తగ్గించను. మార్చమంటే వినలేదన్నారు. బతిమాలానన్నారు. మీరు చెప్పిన ప్రతి ముక్కా నమ్మాను. ఇందాక కూడా ఆ పిల్లకి అదే చెప్పాను.”

“నిజం చెబితే షెడ్డు మూయించేసేవాళ్లు. మన గతేంటి?”

“అన్నయ్య గతేంటి? చంకలో కర్రలు పెట్టుకుని ఇంటికొస్తే గుమ్మంలోనే నిలబెట్టాను. నా మొగుడి మాట వినుంటే ఈ గతి పట్టేదా, మళ్లీ నా గడప తొక్కకు అన్నాను. మంచినీళ్లు కూడా ఇవ్వలేదు. మీరు నా వెనకే నిలబడ్డారు. చూస్తూ నిలబడ్డారు!”

“నాకు మాత్రం బాధ లేదనుకున్నావా?”

“నాకెందుకు మీ బాధ? ఒక్కటి చెప్పండి. ఇవి కొన్నది అన్నయ్య. వేశానని మీరు చెప్పింది అన్నయ్యకి. అంతా తెలిసిన మనిషి, ‘తప్పు నాదేనమ్మా’ అని నాకెందుకు చెప్పాడు?”

“వదిలెయ్. అయిపోయిందేదో అయిపోయింది.”

“ఆ కాలేసుకుని అంత దూరం ఆ మాట చెప్పడానికి ఎందుకొచ్చాడు? నా మొహం చూసి చెప్పండి.”

“నేనే రమ్మన్నాను. తప్పు తనదేనని నీ ఎదుట చెప్పకపోతే, నిన్నూ పిల్లనీ తీసుకెళ్లి వాళ్లింట్లో వదిలేస్తానన్నాను.”