డాక్టరింటి పేరంటం

నేనెన్నడూ ఏదీ రాసినదాన్ని గాను. మూడో తరగతితోనే సరి. కానీ కట్టుకున్న మొగడైనా మీ ఎదుట నాకు నోరు పెగలదు, గందుకే రాస్తున్న. జర మొత్తం చదివినంకనే కోపం చేయుండ్రి.

అసలు నన్ను గీ పనిల పెట్టింది మీరే గదా? మద్రాసుల చదివొచ్చి, మనిషి ఆలోచన ఎట్ల సాగుతది, స్కిజోఫ్రీనియా అనే మనసు జబ్బుల అది ఎక్కడ తెగుతది అని యుద్ధం మొదలుగాక ముందు నుంచీ పరిశోధన చేస్తున్నరు. నాంపల్లిల మన గుమ్మానికి మాత్రం ఉత్త 'డాక్టరు' అనే బోర్డు. మనసు డాక్టరని రాస్తె ఆడపిల్లను ఎవరు తోల్కొస్తరు? అందుకే పేరంటమని పిలుస్తం. పసుపు రాసుకుంట నేను మాట్లాడాలె, పరదా ఎన్క కూసోని మీరు ఇనాలె.

నేనా, మాట్లాడేది! మనిషిని చూస్తెనే నాకు చెమటలు. పైగా మీ ప్రశ్నలొకటి. కాళ్లకు పసుపు రాసుకుంట, "వదినా, ఆవుకూ గుర్రానికీ పోలిక ఏంది?" అని అడగాలె. అబిడ్స్ బట్టల దుకాణమామె బయటికి పోయి ఏమన్నదో ఎరుకేనా? పాపం, డాక్టరుగారు రోగిని ఇంట్లనే పెట్టుకున్నరట.

నవ్వుతున్నరా? నవ్వుండ్రి. నిన్నటి సంగతి ఇంటె నవ్వరు.

నిన్న లక్ష్మీనర్సమ్మ ఏదో అనుమానం మీద తన కోడలు కమలను తోల్కొచ్చింది గదా. ఆవుకూ గుర్రానికీ తోకలుంటయని పిల్ల చక్కగ చెప్పింది. అత్త తాంబూలం సర్దుకుంటుంటె నా చెవి కాడికొచ్చి, "అక్కా, గోడల నుంచి ఎవరో నన్ను తిడుతున్నరు. అత్తకు తెలిస్తె పుట్టింట్ల దింపి ఆయనకు ఇంకో పెండ్లి చేస్తది" అన్నది.

మీకు ఇనపడలే. ఏమన్నదని నన్నడిగిన్రు. పులిహోరల ఇంగువ ఎంత వెయ్యాలె అన్నదని చెప్పిన. పిల్ల బాగనే ఉన్నదని మీరు అత్తతోటి అన్నరు.

ఔ, అబద్ధమే. నిజం చెప్తె మీరు ఊకుంటరా? ఇంటోల్లకు చెప్పుడే ధర్మమంటరు. మీ ధర్మానికి ఆ పిల్ల సంసారం పోవాలెనా? అట్లని నేను నోరు మూసుకుంటె, ఆ తిట్లను ఎవరు ఆపాలె?

రాత్రంత ఇదే ఫికర్. పొద్దుగాల మీరు దవాఖానకు పోంగనే టాంగా మాట్లాడుకోని, ఒక్కదాన్నే హిమాయత్‌నగర్ల వాళ్లింటికి పోయిన. లక్ష్మీనర్సమ్మ ఎదుట నిలవడి, శుక్రవారాల నోము పట్టిననీ, కమల లేంది అది సాగదనీ, అత్తలు వెంట రావద్దనీ చెప్పిన. గసుంటి నోము ఎక్కడా లేదు. ఆమె రెండు చేతులెత్తి దండం పెట్టి ఒప్పుకున్నది.

శుక్రవారం కమల వస్తది. మందిస్తరో, మాటలే చెప్తరో మీ ఇష్టం. ఆ నోముకు ఇంకొక నియమం గూడ ఉన్నది. కమల సంగతి డాక్టరు ఆమె అత్తకు చెప్పొద్దు.